నాలుగింటి లెక్క

సాయంత్రం నాలుగింటికల్లా
ఒంగోలుకు అంకె చేరాలి.
జొరం, దగ్గు, గొంతునొప్పి, మూడింటికీ ఒకటే గడి.
సోమవారం పద్దెనిమిది.
మంగళవారం ముప్పై నాలుగు.
బుధవారం రిజిస్టరులో గీతలు అయిపోయి
అట్ట లోపలివైపు రాశాను.

నాది మందులిచ్చే కిటికీ.
జీతం చీటీలో ఫార్మసిస్టుని,
టంగుటూరు అవతలి ఈ ఊళ్లో మాత్రల ఖాశింని.
ఇవతలినుంచి చూస్తే మనుషులు
మోచేతి దాకే కనపడతారు.
పొగాకు జిగురు నల్లగా పట్టిన వేళ్లు,
వేళ్ల మధ్య చీటీ.
కొందరి చీటీ వెచ్చగా వస్తుంది.

ఇది గ్రేడింగు కాలం.
ఆకు విడదీసే కొట్టాల్లో దగ్గు కొత్తదేం కాదు.
ఏది దుమ్ము దగ్గో, ఏది జొరం దగ్గో
మొదటివారం మేమెవరం పోల్చుకోలేదు.
పోల్చుకుంది పెంచలమ్మ,
చీకట్లో ఆకుని తడిమి రకం చెప్పే మనిషి:
"ఇది ఆకు దగ్గు కాదు సారూ.
ఆకు దగ్గు ఇంటికి పోతే ఆగుద్ది.
ఇది మాతో పాటే ఇంటికొచ్చి
పిల్లల పక్కలో పడుకుంటంది."
ఆ మాట నేనెక్కడా రాయలేదు.
రాయడానికి చోటు లేదు.

గురువారం నించి కత్తెర పట్టాను.
పది మాత్రల అట్ట, ఆరు ఒకరికి, నాలుగు ఇంకొకరికి.
మూడు రోజుల జొరానికి రెండు రోజుల మందు.
మిగిలిన రోజుకి కాచిన నీళ్లు, అల్లం, దేవుడు
అని చెప్పబోయి, దేవుణ్ణి మింగేశాను.

శుక్రవారం డెబ్బై ఒకటి.
నర్సు సలోమి వెనకగదిలో పడిపోయింది.
తన చేతికి తనే సూది గుచ్చుకుని
సెలైను ఎక్కించుకుంటోంది.
సీసా సగమైందో లేదో
బయట ఆటోలోంచి నొప్పుల కేక.
నూట ఎనిమిది బండి రిమ్స్ గేటు దగ్గరే ఉందంట,
ఇచ్చిన స్ట్రెచరు తిరిగొస్తేనే కదిలేది.
సలోమి సూది పీకి దూది అద్దుకుంది,
మూతికి రెండు మాస్కులు బిగించింది,
గోడ పట్టుకుని నడిచింది.
ఆడపిల్ల. రెండున్నర కిలోలు.
సలోమిని రోగుల్లో రాయాలా, సిబ్బందిలోనా?
ఒకే మనిషిని రెండు గళ్లలో పెడితే
కంప్యూటరు ఎర్రగా చూస్తుంది.

శనివారం నలభై రెండు.
ఒంగోలునించి ఫోను:
"ఏమయ్యా, తగ్గుతున్నట్టుందే?"
"తగ్గలా సార్. పన్నెండింటికే చీటీలు అయిపోయినై."
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"సరే, ఆ నలభై రెండే పంపు."

మూడోవారం సొరుగు తీస్తే
పదిహేడు పొట్లాలు.
బీపీవి, షుగరువి, మూర్ఛవి.
ప్రతినెలా మొదటి మంగళవారం వచ్చేవాళ్లవి.
గుమ్మం దాకా వచ్చి, వరస చూసి,
కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని
మళ్లీ వద్దాంలే అనుకుని పోయినవాళ్లవి.
వచ్చినవాళ్లనే లెక్కపెడుతూ కూర్చున్నాను
ఇన్నాళ్లూ, ఎంత శ్రద్ధగా!
క్యాలెండరు చించి వెనక పేర్లు రాసి
ఆశా ఖాదర్‌బీ చేతికిచ్చాను.
ఎండన పడి తిరిగింది.
పదహారు ఇచ్చొచ్చింది.

పదిహేడోది మాలకొండయ్యది,
బేళ్లు మోసే మాలకొండయ్యది.
పొట్లం కిటికీలోంచి తిరిగి లోపలికొచ్చింది.
"ఆదివారం పొద్దున మూతి వంకరపోయిందంట.
కుడిచెయ్యి లేవట్లా. గుంటూరు తీసుకుపోయినారు."
జొరం ఉందా అని అడిగాను.
అలవాటు.
ఖాదర్‌బీ నా మొహంకేసి చూసింది.
"జొరమెక్కడిది సారూ."

ఇవాళ తొమ్మిది.
గోడగడియారం నాలుగు కొట్టకముందే పంపేశాను.
బాగుంది, బాగుంది అన్నారు.
కత్తెర సొరుగులో పెట్టబోతే
పొట్లం అడ్డమొచ్చింది,
దానిమీద నా చేతిరాత:
పొద్దున ఒకటి, తిన్నాక.